పన్నెండో గడిలో ఒక అక్షరం

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళో ఉత్తరాలు పంచాను.
జనవరి ఆఖరి వారం సంచి భుజాన్ని కోసేది:
అన్నీ ఒకే కొలత కవర్లు,
మీద ‘ముఖ్యమైన పన్ను పత్రం’ అని నల్లటి అచ్చు.
ఎవరి ఏడాది ఎంత బరువో
నా చేతికి తెలిసేది కాదు.

రిటైరయ్యాక శనివారాలు
ఆటమ్వా లైబ్రరీ కింది గదిలో కూర్చుని
అవే కవర్లు విప్పి చదివిపెడుతున్నాను,
ఊరికే. కాఫీ వాళ్ళే ఇస్తారు. తాగలేం.

ఫిబ్రవరి. మెట్ల మీద మంచు, మంచు మీద ఉప్పు.
మార్లిస్ హాల్వర్సన్ వచ్చింది,
వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి,
యూనిఫాం మీదే కోటు.
కూర్చోకముందే అంది:
“నా డబ్బు తిన్నారు.”

బల్ల మీద రెండు పెట్టింది.
ఒకటి కంపెనీ పంపిన కాగితం.
ఒకటి విత్తనాల కొట్టువాళ్ళు పంచే గోడ క్యాలెండరు,
ప్రతి తేదీలో పెన్సిలు అంకె,
ఎనిమిది, ఎనిమిది, పన్నెండు,
ఒకచోట పదహారు,
పక్కన చీమతలంత అక్షరాల్లో ‘ఆర్డిస్ పోయింది’.

“కాకిలెక్క కాదు. గంటలన్నీ కూడితే 29,100.
మొదటి గడి చూడండి. 27,936.
వెయ్యినూట అరవైనాలుగు
ఎవరి నోట్లోకి పోయింది?”

కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
ఈ కాగితాన్ని పైనుంచి కిందికి చదవకూడదు.
పరాయి వంటింట్లో ఉప్పు వెతికినట్టు
ఒక్కో డబ్బా మూత తీసి చూడాలి.
రెండో గడి: పన్ను కోసం ముందే పట్టుకున్నది,
ఎక్కువైతే తిరిగొస్తుంది.
నాలుగోది ముసలితనానికి, 1,804 డాలర్ల ఇరవై సెంట్లు.
ఆరోది ఆసుపత్రికి, 421 తొంభై ఐదు.

“అవి అందరికీ తీస్తారు. తెలుసు.
ఇది నా ఒక్కదానికే తీశారు.”

మూడో గడి మీద వేలు పెట్టాను. 29,100.
ఐదో గడి మీద పెట్టాను. 29,100.
ఆమె క్యాలెండరు వైపు చూసింది, మళ్ళీ గడి వైపు.
పెన్సిలుతో కూడిన రాత్రులన్నిటినీ
ఎక్కడో ఒక కంప్యూటరు
ఒక్క డాలరు తేడా లేకుండా ఒప్పుకుంది.
యాభై ఎనిమిదేళ్ళ మొహం
బోర్డు మీద లెక్క కుదిరిన పిల్లదైపోయింది,
క్షణం సేపు.

“మరి మొదటి గడికేం రోగం?”

పన్నెండో గడి.
అక్కడ ఒకే అక్షరం, డి.
పక్కన 1,164.

“దొంగ దొరికింది,” అన్నాను. “మీరే.”

చేరిన రోజు సంతకం పెట్టిన కాగితాల కట్టలో
ఒకటి చెప్పే ఉంటుంది:
వద్దని రాసివ్వకపోతే
వందకు నాలుగు మీ పేరనే పక్కన పెడతాం, రేపటికి.
చేతికి రాలేదు కనుక ఆదాయపు పన్ను
ఈ ఏడు దాని జోలికి పోదు.
మూడో గడి పితికిన పాలు.
మొదటిది చిలికిన మజ్జిగ.
వెన్న ఉట్టి మీద ఉంది.

ఆమె మాట్లాడలేదు.
హీటరు టకటకలాడింది.
పక్క బల్ల దగ్గర పందిమాంసం ఫ్యాక్టరీ కుర్రాడు
తిరిగొచ్చే డబ్బు గురించి
ఫోన్లో ఎవరికో స్పానిష్‌లో చెప్పి నవ్వుతున్నాడు.

“అడిగుంటే వద్దనేదాన్ని,” అంది చివరికి.
“డిసెంబరంతా టైర్లు కొనలేక
మంచులో రెండు మైళ్ళు నడిచాను డ్యూటీకి.
డబ్బుందన్నమాట. అప్పుడు కూడా.”

దానికి కాగితంలో గడి లేదు.
వెతికినట్టు నటించాను.

“ఇప్పుడు ఆపమంటే ఆపుతారా?”
“ఆపుతారు. ఒక్క ఫారం నింపితే చాలు.”

నా చేతిలో పెన్సిలు లాక్కుని
క్యాలెండరు ఆఖరి పేజీ తిప్పి
అంచున 1,164 అని రాసింది.
చుట్టూ ఒక గీత గీసింది, గట్టిగా,
రెండోసారి దాని మీదే.
అది కంచో, కొట్టివేతో
ఇన్నేళ్ళు చిరునామాలు చదివిన నాకు
అర్థం కాలేదు.

గుండీలు పెట్టుకుంటూ మెట్లెక్కింది.
పైన తలుపు తెరుచుకుని చలి దిగింది.
తరవాతి కవరు చింపి, జేబు తడుముకున్నాను:
పెన్సిలు ఆమెతోనే పోయింది.